తీర్పులకు వ్యాఖ్యానము: ఒక వృత్తిమార్గము

న్యాయశాస్త్ర పట్టము పుచ్చుకొన్నవానికి నల్లకోటు ధరించి వాదించుట యొక్కటే జీవనోపాయమని తలచు యువకులు, రాజ్యాంగ ధర్మాసనముల తీర్పులను పరిశోధించి వాని సారమును వకీళ్లకును పౌరులకును విశదపఱచు వ్యాఖ్యాతలకు గూడ నీ దేశమున ఘనమైన స్థానము కలదని గుర్తెఱుగుదురు గాక.

రాజ్యాంగము 141వ అధికరణము ననుసరించి సర్వోన్నత న్యాయస్థానము ప్రకటించిన ధర్మము దేశమందలి న్యాయస్థానముల నన్నిటిని బంధించును. అయినను తీర్పునందలి ప్రతివాక్యమునకు నా శక్తి లేదు. నిర్ణయమునకు మూలమైన హేతువునకే కలదు. ఆ హేతువును ప్రసంగవశమున దొరలిన మాటలనుండి వేఱుచేయగల నేర్పే యీ వృత్తికి ప్రాణము.

భిన్నాభిప్రాయమును గూడ చదువక విడువరాదని నేను మఱిమఱి చెప్పుదును. ఉత్తరప్రదేశమున బందిపోటు నేరము మోపబడి, సాక్ష్యము చాలక విడుదలయైన ఖరక్‌సింగు ఇంటికి పోలీసులు తమ నిఘా నియమము ననుసరించి రాత్రివేళ తనిఖీకి పోవుచుండగా, 1962లో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ రాత్రి తనిఖీలను మాత్రము కొట్టివేసి, గోప్యత రాజ్యాంగము హామీ యిచ్చిన హక్కు కాదని పలికెను. మన రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు, జస్టిస్ షాగారితో గూడి, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమని, ఆ నిఘా నియమము సమస్తము చెల్లదని విభేదించిరి. అల్పసంఖ్యాకమైన ఆ వాదమునే 2017లో పుట్టస్వామి కేసున తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా సమర్థించి, ఖరక్‌సింగు తీర్పులో గోప్యతను నిరాకరించిన భాగమును త్రోసిపుచ్చిరి. తీర్పు సంగ్రహమైన హెడ్‌నోటు మాత్రమే చదివి తృప్తిపడిన విద్యార్థికి ఆ అర్ధశతాబ్ది ప్రయాణము గోచరింపదు.

ఈ మార్గమున ప్రవేశింపగోరువారు ఇంటర్మీడియట్ పిమ్మట ఐదేండ్ల కోర్సునందో, డిగ్రీ పిమ్మట మూడేండ్ల కోర్సునందో చేరవచ్చును. ఇందులకు లాసెట్ పరీక్షలున్నవి. హైదరాబాదు నల్సారునందును విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయమునందును ఐదేండ్ల కోర్సునకు క్లాట్ పరీక్ష ద్వారము. అనంతరము న్యాయమూర్తులయొద్ద లా క్లర్కుగా పరిశోధన, లా రిపోర్టులకు హెడ్‌నోట్లు వ్రాయుట, ఎల్‌.ఎల్‌.ఎం. చేసి అధ్యాపకత్వము, పత్రికలలో న్యాయవిలేఖనము అను త్రోవలు తెఱచియుండును. ఆరంభమున ప్రతిఫలము స్వల్పమే. ఏకాగ్రపఠనమునకు ఓర్పు లేనివారు దీనిని స్వీకరింపకుండుటయే మేలు.

విమర్శించుటకు జంకనక్కఱలేదు. తుదితీర్పు నొందిన వ్యాజ్యమున తీర్పు గుణదోషములను గూర్చిన న్యాయమైన వ్యాఖ్య కోర్టుధిక్కారము కాదని 1971 నాటి కోర్టుధిక్కార చట్టము 5వ సెక్షను చెప్పుచున్నది; ఆక్షేపణ హేతువుపైన నుండవలె గాని న్యాయమూర్తి శీలముపైన గాదు.

తెలుగున ఇట్టి వ్యాఖ్యానమునకు కొఱత యున్నందున, ప్రథమాభ్యాసముగ 1997 నాటి సమత కేసు తీర్పును తీసికొనుడు. విశాఖ మన్యమున గిరిజనేతరులకు గనులకై భూమిని కౌలున కిచ్చుటకు వీలులేదనియు, భూబదలాయింపు నిషేధమునకు ప్రభుత్వము సైతము కట్టుబడియుండవలెననియు ఇరువురు న్యాయమూర్తులు చెప్పగా మూడవవారు విభేదించిరి. సర్వోన్నత న్యాయస్థానపు ఈ-ఎస్‌సీఆర్ భాండారమున తీర్పులు ఉచితముగా దొరకును. మూడు పుటలలో కేసు పూర్వాపరములు, మెజారిటీ హేతువు, భిన్నాభిప్రాయము వ్రాసి, ఏది బలవత్తరమైనదో మీ కారణములతో నిరూపించి, దానిని న్యాయశాస్త్రము చదువని గిరిజన గ్రామ యువకునిచేత చదివించి, ఆతడు సందేహించిన చోటులను తిరిగి వ్రాయుడు.