గిన్నెలో కనిపించనివి

రాజమండ్రి,
ఆదివారం.

చి. సింధూకి,


నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. నీ కుక్కపిల్ల లడ్డూ ఆ గింజల గిన్నె దగ్గరికొచ్చి, ఓసారి వాసన చూసి, నీ మొహంలోకి చూసి వెనక్కి తిరిగిపోయాడు. నువ్వు ఉడికిన గుడ్డు చిదిమి వేయగానే తోకతో నేలంతా ఊడ్చేశాడు. కింద నీ ప్రశ్న: "అత్తయ్యా, రోజూ ఈ ఎండు బిళ్ళలేనా? మనల్ని మూడు పూటలా కార్న్‌ఫ్లేక్స్ తినమంటే తింటామా? గవ్వకి నువ్వు వండిపెడతావుగా, ఆ లెక్కేదో నాకూ చెప్పు." ఫోన్లో చెబితే "సరే సరే" అంటూ మధ్యలో మీటింగ్‌కి పోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మా ఇంటి కుక్క గవ్వ లెక్క చెబుతాను. దానికన్నా ముందు సీజర్ సంగతి చెప్పాలి. మా హాల్లో ఫొటో చూసి చిన్నప్పుడు "దొడ్డికాళ్ళ కుక్క" అని నవ్వేదానివి కదా, వాడే. ఆ కాళ్ళు పుట్టుకతో వచ్చినవి కావు. నా వంట వల్ల వచ్చినవి.

నాకు పెళ్ళయిన కొత్తలో మీ మావయ్య రెండు నెలల ఆల్సేషన్ పిల్లని తెచ్చారు. పాలు పోస్తే విరేచనాలు అవుతున్నాయని మానేశాం. మెత్తగా ఉడికిన అన్నం, అందులో మటన్. ఎముక గొంతులో అడ్డం పడుతుందేమోనని నేనే ఒక్కో ముక్కా నొక్కి చూసి ఏరి పారేసేదాన్ని. వీధిలో ఏ కుక్కా అంత రాజభోగం తినలేదు. ఐదో నెల వచ్చేసరికి మెట్లు దిగమంటే మూలగడం మొదలుపెట్టాడు. ముందుకాళ్ళు విల్లులా వంగాయి, కీళ్ళ దగ్గర ఉబ్బు. ఒకరోజు దివాన్ మీంచి దూకితే తొడ ఎముక విరిగింది. ఎంత ఎత్తనుకున్నావు? మూరెడు. డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించారు. తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడాల్సిన ఎముక చుట్టూ ఉన్న కండతో కలిసిపోయి మసగ్గా ఉంది. "అమ్మా, కండకి బాగానే పెట్టారు, ఎముకకే ఏమీ పెట్టలేదు" అన్నారు.

ఆయన చెప్పింది ఇప్పటికీ మర్చిపోలేదు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం దాదాపు లేనట్టే. అన్నంలోనూ అంతే. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, నరాలు పనిచేయవు కాబట్టి ఒళ్ళు ఆ లోటును ఎముకల్లోంచి తోడుకుంటుంది. పైకి పిల్ల బొద్దుగా, మెరుస్తూనే ఉంటుంది. లోపల దూలాలు గుల్లవుతుంటాయి.

"మరి మీ నాయనమ్మ ఊళ్ళో కుక్కకి గంజి, నూకలన్నం తప్ప ఏం పెట్టింది? అది పదమూడేళ్ళు బతకలేదా?" అని నువ్వు అడుగుతావని తెలుసు. గంజి ఇంట్లో తాగేది. మిగతాది ఊళ్ళో వెతుక్కునేది. కోళ్ళ కొట్టు వెనక తోలూ ఎముకలూ, పొలం గట్టున ఎలక, పెళ్ళిళ్ళలో ఎంగిలి విస్తళ్ళు. పైగా బతికిన కుక్క ఒక్కటే మనకు గుర్తుంటుంది. ఈతకి ఆరు పిల్లలు పుడితే ఎన్ని మిగిలాయో ఎవరు రాసిపెట్టారు? లడ్డూ ఉండేది తొమ్మిదో అంతస్తులో. నువ్వు పెట్టనిది వాడికి ఏ గట్టు మీదా దొరకదు. ఈ ఉత్తరంలో ఇంకేం మర్చిపోయినా ఈ మాట మర్చిపోకు.

ఇక ఆ బిళ్ళల సంగతి. వాటి పుట్టుక తమాషాగా ఉంటుంది. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్ పిడుగు కడ్డీలు అమ్ముకోవడానికి లండన్ వెళ్ళాడట. ఓడల మీద వాడే రాతిబిస్కెట్లు రేవులో కుక్కలు కొరుక్కు తినడం చూసి, గోధుమ, కూరగాయలు, మాంసం కలిపి కుక్కల కోసమే బిస్కెట్లు చేసి అమ్మాడని చెబుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో తగరం కొరత వచ్చి డబ్బా తిండి తగ్గింది, ఎండు తిండి పెరిగింది. ఇప్పుడు నువ్వు చూసే గుల్ల గింజని 1957లో ప్యూరినా వాళ్ళు బజారులోకి తెచ్చారు. తయారీ మన జంతికల గొట్టం లాంటిదే. ధాన్యం పిండి, మాంసం పొడి ఆవిరితో కలిపి ముద్ద చేసి, గట్టి ఒత్తిడిలో ఉడికించి, చిల్లుల బిళ్ళలోంచి తోస్తారు. బయటికి రాగానే ఒత్తిడి వదిలి బొరుగులా ఉబ్బుతుంది. ఆరాక పైన కొవ్వు, రుచికి ఇంకేవో పూస్తారు. మనవాళ్ళు ఏ కంపెనీదైనా "పెడిగ్రీ" అనేస్తారు, ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు. ఆ అసలు పెడిగ్రీ చేసే మార్స్ కంపెనీ ఫ్యాక్టరీ మీ హైదరాబాద్ పక్కనే, సిద్దిపేట జిల్లాలో ఉంది.

దానిలో ధాన్యం ఉందని భయపడకు. కుక్క తోడేలు సంతతి కాబట్టి అన్నం, గోధుమ అరగవని చెప్పేవాళ్ళు చాలామంది తగులుతారు. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు జన్యువులు చూసి తేల్చిందేమిటంటే, పిండిని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే కుక్కలో దానికి ఎన్నో రెట్లు ఉంటాయి. మన గుమ్మంలో పడుకుని మన తిండి అరిగించుకోవడం నేర్చుకున్న జంతువు అది. ఉడికించి పెడితే అన్నం చక్కగా అరుగుతుంది. ధాన్యం తీసేసి బఠాణీలు, పప్పులు దండిగా వేసిన 'గ్రెయిన్ ఫ్రీ' తిండికీ కుక్కల గుండె జబ్బుకీ సంబంధం ఉందా అని 2018లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ విచారణ మొదలుపెట్టింది. సంబంధం ఉందని రుజువు కాలేదు. అయినా సరదాకి ఆ రకం కొనాల్సిన పనేమీ లేదు.

ఎండు తిండిలో మంచి ఏమిటంటే, సీజర్ గిన్నెలో లేనివన్నీ అందులో లెక్కకట్టి కలుపుతారు. కాల్షియం, జింకు, రాగి, అయొడిన్, డి విటమిన్. చెడు ఏమిటంటే, ఆ లెక్క కట్టేది ఎవరో, కలిపేది ఏమిటో మనకు కనబడదు. 2007లో అమెరికాలో కోట్ల ప్యాకెట్లు వెనక్కి తీసుకున్నారు. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమిన్ కలిపారు. పరీక్షలో ప్రొటీన్ ఎక్కువున్నట్టు చూపించడానికి చేసిన పని అది. కిడ్నీలు పాడై కుక్కలూ పిల్లులూ చనిపోయాయి. సంచి మీద బొమ్మలో తాజా కోడి, క్యారెట్ ఉన్నంత మాత్రాన లోపల అదే ఉందనుకోకు. వెనక్కి తిప్పి చదువు. 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని, అదీ ఏ వయసుకో రాసి ఉండాలి. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది నంజుకోవడానికే, భోజనానికి కాదు.

సంచి మీది అంకెలతో ఒక మోసం ఉంది. మోసం అనకూడదు, నీళ్ళ లెక్క అనాలి. ఎండు తిండి మీద ప్రొటీన్ 24 శాతం అని ఉంటుంది. హైదరాబాద్‌లో ఇంటికి తెచ్చిచ్చే వండిన తిండి డబ్బా మీద 9 శాతమే ఉంటుంది. చూడగానే మొదటిదే గొప్పదనిపిస్తుంది. కానీ గింజల్లో నీళ్ళు 10 శాతం, డబ్బాలో 72. నీళ్ళు తీసేసి చూడు. మొదటిది 24ని 90తో భాగిస్తే సుమారు 27 శాతం. రెండోది 9ని 28తో భాగిస్తే 32 శాతం. పప్పునీ పప్పుచారునీ గరిటెతో పోల్చినట్టుంటుంది నీళ్ళు తీయకుండా పోలిస్తే. అమెరికాలో అందరూ పాటించే ఆఫ్కో ప్రమాణం కూడా ఈ నీళ్ళు తీసిన లెక్కలోనే ఉంటుంది: పెద్ద కుక్కకి కనీసం 18 శాతం, ఎదిగే పిల్లకి 22.5.

వండిన తిండిలో మంచి నీ వీడియోలోనే ఉంది. వాసన, రుచి, నీళ్ళు. మా ఊరి మే నెలలో నీళ్ళగిన్నె వైపు చూడని ముసలి కుక్కకి తిండిలోనే నీళ్ళు పోవడం వరం. పళ్ళు ఊడిన దానికీ, జబ్బు పడి లేచిన దానికీ అంతే. గింజలు కొరికితే పళ్ళు శుభ్రమవుతాయన్నది కూడా పెద్దగా నమ్మకు, మామూలు గింజ పంటి చివర తగలగానే పగిలిపోతుంది. బ్రష్ చేయాల్సిందే.

మరి లోటు ఎక్కడ? అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో ఉన్న 200 ఇంటి వంటల్ని లెక్కగట్టి 2013లో ప్రచురించారు. వాటిలో పశువైద్యులు రాసినవి కూడా ఉన్నాయి. అన్ని పోషకాలూ చాలినంత ఉన్నవి తొమ్మిదంటే తొమ్మిది. అన్నం, చికెన్, క్యారెట్ అనగానే మనకు సంపూర్ణ భోజనంలా కనిపిస్తుంది, కానీ జింకు కావలసినదాని కన్నా చాలా తక్కువే ఉంటుంది. "బాల్కనీలో ఎండలో పడుకుంటాడుగా, డి విటమిన్ వస్తుంది" అంటావేమో. మనకి వచ్చినట్టు కుక్క చర్మంలో అది చాలినంత తయారవదు. తిండిలోంచే రావాలి.

కాబట్టి లడ్డూ విషయంలో నా మాట ఇది. వాడు లాబ్రడార్, నాలుగు నెలలవాడు. పెద్ద జాతి పిల్ల. ఏడాది, ఏడాదింపావు దాటేదాకా పెద్ద జాతి పిల్లల కోసం అని రాసి ఉన్న ఎండు తిండే పెట్టు. ఆ పైన కాల్షియం సిరప్ పోయకు. ఎవరు చెప్పినా సరే, షాపువాడు ఉచితంగా ఇచ్చినా సరే. ఇంత చిన్న పిల్లల పేగుకి అదనపు కాల్షియాన్ని వద్దనే శక్తి ఉండదు, వచ్చిందంతా లోపలికి పోతుంది. పెద్ద జాతుల్లో ఎక్కువైనా ఎముకలు వంకర్లు పోతాయి. తక్కువైతే సీజర్, ఎక్కువైతే ఇంకో సీజర్.

నీ ముచ్చట తీరడానికి రోజు తిండిలో పదో వంతు వదిలేస్తున్నాను. వాడికి అది ఒక ఉడికిన గుడ్డు, కాస్త ఉడికిన క్యారెట్టో గుమ్మడికాయో. కానీ గిన్నె వద్దన్నాక గుడ్డు వేయకు, ముందే కలిపి పెట్టు. ఇప్పుడు వాడికి అర్థమైందేమిటంటే, గింజల దగ్గర మొహం తిప్పుకుంటే గుడ్డు వస్తుందని. గోరువెచ్చని నీళ్ళు చల్లి పదినిమిషాలు నాననివ్వు, వాసన లేస్తుంది. పావుగంటలో తినకపోతే గిన్నె తీసెయ్, తర్వాతి పూటే మళ్ళీ పెట్టు. ఒకవేళ రోజంతా ముట్టకుండా డీలాగా ఉంటే మాత్రం అది అలక కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు.

ఇంకోటి. వీడియోలో నువ్వు స్టీలు గ్లాసుతో పోస్తున్నావు. వంద గ్రాముల గింజల్లో 350 కేలరీలకు పైనే ఉంటాయి, నాలుగు గింజలు ఎక్కువ పడ్డా రోజూ పడితే లాబ్ పీపా అవుతుంది. వంటింటి తూకం కొను. సంచి మూతి గట్టిగా మడిచి, అదే సంచిని డబ్బాలో పెట్టు. తెరిచాక నెలా నెలన్నరలో అయిపోయేంత సైజే కొను. మన ఉక్కపోతకి పైన పూసిన కొవ్వు కంపు కొడుతుంది.

ఇప్పుడు గవ్వ గిన్నె. పదకొండేళ్ళ నాటు కుక్క, 12 కిలోలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. రోజుకి 620 కేలరీల చిల్లర చాలు. పొద్దున 80 గ్రాముల గింజలు. సాయంత్రం 100 గ్రాముల అన్నం, 80 గ్రాముల ఎముకల్లేని ఉడికిన చికెన్, సగం గుడ్డు, చారెడు సొరకాయ, ఒక చిన్న చెంచా నూనె. ఉప్పు, పసుపు, తాలింపు ఏమీ లేవు. వేయించి మిక్సీలో మెత్తగా పట్టిన గుడ్డుపెంకు పొడి పావు చెంచా. డాక్టరుగారు రాసిచ్చిన విటమిన్లు, ఖనిజాల పొడి కొలచెంచాతో. చికెన్ కొట్టువాడు కార్జం ఇస్తే వారానికోసారి ఒక చిన్న ముక్క, అంతకు మించితే విటమిన్-ఎ ఎక్కువవుతుంది. ఇది గవ్వ కొలత, లడ్డూది కాదు. వాడు పెద్దయ్యాక నీకు ఇలా వండాలనిపిస్తే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీలో పశుపోషణ తెలిసినవాళ్ళని అడిగి, వాడి బరువుకి లెక్క రాయించుకో. మార్చేటప్పుడు కొంచెం కొంచెంగా, వారం పదిరోజుల్లో మార్చు. వండింది మన ఎండల్లో గంటకి మించి గిన్నెలో ఉంచకు.

బిర్యానీ మిగిలిందని మాత్రం వేయకు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాల్ని పగలగొడతాయి. ఉడికిన ఎముక పెళుసై సూదిలా చీలుతుంది. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ విషమే. పాయసంలోంచి ఏరి పెట్టే కిస్మిస్ కూడా.

నెలకోసారి వాణ్ణి ఎత్తుకుని బరువు చూసే యంత్రం ఎక్కు, నీ బరువు తీసెయ్. పక్కటెముకల మీద అరచెయ్యి పెట్టు. కంటికి కనబడకుండా చేతికి తగలాలి. అదే లెక్క సరిపోయిందనడానికి గుర్తు.

సీజర్ పదేళ్ళు బతికాడు. గేటు చప్పుడైతే ఆ దొడ్డికాళ్ళతోనే అందరికన్నా ముందు పరిగెత్తేవాడు. నేను పళ్ళెం పట్టుకొస్తే చివరిదాకా అదే సంబరం. ఏం పెట్టానన్నది వాడు ఒక్కరోజూ అడగలేదు.

ఈ కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించు. లడ్డూకి అందనంత ఎత్తులో సుమా, ఆ వయసువాళ్ళకి కాగితం కూడా భోజనమే.

ఇట్లు,
మీ అత్తయ్య