వేపనూనె పేటెంటు వివాదం: కొత్తదనం, స్వయంస్ఫురణ

ఒక ఆవిష్కరణకు పేటెంటు లభించుటకు అది కొత్తదైతే చాలదు. ఆ రంగమున నైపుణ్యం గల వ్యక్తికి సహజంగా స్ఫురించనిదై కూడా ఉండవలెను. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 2(1)(జెఎ) ఈ నియమాన్నే నిర్దేశించుచున్నది. దీనిని అన్వయించు తీరును వేప ఉదంతం ద్వారా పరిశీలించవచ్చును.

అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యు.ఆర్. గ్రేస్ సంస్థ కలిసి వేపనూనెతో మొక్కలపై శిలీంధ్రాలను అరికట్టు పద్ధతికి 1994లో ఐరోపా పేటెంటు పొందినవి. 1995లో వందనా శివ ప్రభృతులు దానిపై అభ్యంతరం దాఖలు చేసిరి. 2000 మే 10న పేటెంటు రద్దయినది. 2005 మార్చి 8న అప్పీలు సైతం తిరస్కృతమైనది.

వరంగల్‌లో కాశిబుగ్గ సమీపాన గల ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి తెచ్చు రైతుకు 5 శాతం వేపగింజల కషాయం సుపరిచితమే. అంతమాత్రాన వేపపై ప్రతి పేటెంటూ చెల్లదనుట సరికాదు. విచారణ క్రమం ఇది: దరఖాస్తు తేదీకి ముందున్న జ్ఞానంలో అత్యంత సమీపమైనది ఏది? దానికీ, కోరిన హక్కుకూ భేదమేమి? ఆ భేదాన్ని నిపుణుడు ఫలితంపై సహేతుకమైన ఆశతో స్వయంగా దాటగలడా?

ఉదాహరణకు, నూనె నీటిలో కలియదు గనుక సబ్బునీరు చేర్చుట ఎవరికైనా తోచును. అది ఆవిష్కరణ కానేరదు. కాని కషాయం పురుగులను అరికట్టునని తెలిసినంతనే నూనె బూడిద తెగులును అరికట్టునని తోచునా? తోచునని చెప్పుటకు శిలీంధ్రాలపై పూర్వ వినియోగాన్ని తెలుపు ఆధారం కావలెను. ఫలితం తెలిసిన పిమ్మట ప్రతిదీ సులభంగానే కనిపించును. ఆ పశ్చాద్దృష్టికి తావీయరాదు.

మన చట్టం సెక్షన్ 25 స్థానిక సమాజాల మౌఖిక జ్ఞానాన్ని సైతం అభ్యంతరానికి ఆధారంగా అంగీకరించుచున్నది. అయినను విదేశీ కార్యాలయాల ఎదుట తేదీతో కూడిన లిఖిత ఆధారానికే బలమెక్కువ. కావున పరిశోధకులు రైతుల పద్ధతులను నమోదు చేయునపుడు మోతాదు, పంట, తెగులు, ఫలితం, తేదీ, గ్రామం తప్పక వ్రాయవలెను. "వేప మంచిది" అను వాక్యం ఏ పేటెంటునూ ఆపలేదు. ఏ మోతాదు ఏ తెగులుపై పనిచేసినదో తెలుపు పుట ఆపగలదు.