జారో మఠంలో ఒక విద్యార్థి – బీడ్ పండితుడు

ట్రంకుపెట్టె, కంచం, గ్లాసు పట్టుకుని హాస్టల్‌కు వచ్చిన మొదటి రాత్రిని మనలో ఎవరూ మరిచిపోరు. 1300 సంవత్సరాలకు పూర్వం అలా ఇల్లు విడిచి చదువుకు వెళ్ళిన ఒక బాలుని గురించి మేము ఈ వ్యాసంలో తెలియజేస్తున్నాము.

అతని పేరు బీడ్. ఇంగ్లండు ఉత్తర భాగంలోని నార్తంబ్రియా రాజ్యంలో క్రీ.శ. 673 ప్రాంతంలో జన్మించాడు. ఏడేళ్ళ వయసులో బంధువులు అతన్ని వేర్‌మత్ క్రైస్తవ మఠంలో చేర్చారు. తర్వాత దాని జంట మఠమైన జారోకు మారి, జీవితమంతా అక్కడే గడిపాడు.

686 ప్రాంతంలో జారోలో అంటువ్యాధి ప్రబలింది. ప్రార్థన కీర్తనలు పాడగలిగినవారిలో మఠాధిపతి కియోల్‌ఫ్రిత్, ఒక చిన్న బాలుడు మాత్రమే మిగిలారు. ఆ బాలుడు బీడేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అంత కష్టంలోనూ అతని చదువు ఆగలేదు.

మఠ స్థాపకుడు బెనెడిక్ట్ బిస్కప్ పలుమార్లు రోముకు వెళ్ళి పుస్తకాలు తెచ్చాడు. అచ్చుయంత్రం లేని ఆ రోజుల్లో ప్రతి పుస్తకాన్నీ చర్మపత్రాల మీద చేతితో రాయవలసిందే. ఆ గ్రంథాలయమే బీడ్‌కు ప్రపంచం.

725లో ఆయన కాలగణన మీద ఒక గ్రంథం రాశాడు. వేళ్ళ మీద వేల సంఖ్యలు లెక్కించే పద్ధతి, చంద్రునికీ సముద్రపు ఆటుపోట్లకూ ఉన్న సంబంధం, భూమి బంతిలా గుండ్రంగా ఉందన్న విషయం అందులో ఉన్నాయి. ఒకే తీరంలోనైనా పోటు వచ్చే వేళ రేవు రేవుకూ మారుతుందని కూడా గుర్తించాడు. నోటుబుక్కులో మనం వేసే క్రీస్తు శకం లెక్కను బీడ్ కనిపెట్టలేదు. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవారిలో మాత్రం ముఖ్యుడు.

731లో ఆంగ్ల ప్రజల మత చరిత్రను ఐదు భాగాలుగా పూర్తి చేశాడు. దూరప్రయాణాలు చేయని మనిషి ఇంత చరిత్ర ఎలా రాయగలిగాడు? తెలిసినవారిని అడిగాడు. కాంటర్‌బరీ మఠాధిపతి ఆల్బినస్ సమాచారం పంపాడు. లండన్ పురోహితుడు నోథెల్మ్ రోములోని పాత ఉత్తరాలను వెతికి నకళ్ళు తెచ్చాడు. ఏ విషయం ఎవరి ద్వారా తెలిసిందో బీడ్ ముందుమాటలోనే పేర్లతో చెప్పాడు. సాయం చేసినవారి పేరు దాచి గొప్పవాడు అనిపించుకోవాలనుకోలేదు.

735 మే నెలలో జబ్బుతో ఊపిరాడని స్థితిలోనూ శిష్యులకు పాఠం చెబుతూ, యోహాను సువార్తను ప్రజల భాషలోకి అనువదిస్తూ ఉన్నాడు. ఆయన చెబుతుంటే విల్బర్ట్ అనే బాలుడు రాశాడు. చివరి వాక్యం పూర్తయిన కొద్దిసేపటికే బీడ్ కన్నుమూశాడు. ఆ అనువాదం నేడు లభించడం లేదు. కానీ ఆయన చరిత్ర గ్రంథాన్ని నేటికీ చదువుతున్నారు.

తమ్ముళ్ళారా! ఇంట్లో పాఠం చెప్పేవారు లేని మేము సీనియర్లు ఇచ్చిన నోట్సు చదివే పరీక్షలు గట్టెక్కాము. మీ నోట్సును కూడా జూనియర్లకు ఇవ్వండి. తెలియనిది సిగ్గుపడకుండా అడగండి. చెప్పినవారి పేరును నోట్సు మొదటి పేజీలో రాసుకోండి.