గాయం ఉన్నవాడి ధర ఎంత?

2018 జనవరి 26. న్యూ ఆర్లీన్స్‌లో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ మ్యాచ్ ఇంకొన్ని సెకన్లలో అయిపోతుంది. తను వేసిన ఫ్రీ త్రో తప్పిపోతే, ఆ బంతి కోసం తనే ముందుకు ఉరికాడు డిమార్కస్ కజిన్స్. ఎడమ మడమ పైనుండే అకిలీస్ స్నాయువు తెగిపోయింది. ఆ సీజన్లో మ్యాచ్‌కి సగటున 25 పాయింట్లు కొడుతున్న ఆటగాడు. ఇంకో ఐదు నెలల్లో ఫ్రీ ఏజెంట్ కావాలి, అంటే పాత కాంట్రాక్టు తీరిపోయి ఏ జట్టుతోనైనా బేరమాడుకోవచ్చు. ఎన్‌బీఏ నిబంధనలు ఒప్పుకునే గరిష్ఠ మొత్తం అతనికి ఖాయమని అంతా అనుకుంటున్న రోజులవి. జూలై వచ్చింది. గట్టి పిలుపు ఒక్కటీ రాలేదు. చివరికి తనే గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కి ఫోన్ చేసి, ఒక్క ఏడాదికి 53 లక్షల డాలర్లకు సంతకం పెట్టాడు. అప్పటి లెక్కలో దాదాపు 36 కోట్ల రూపాయలు. మనకు కళ్లు తిరుగుతాయి గానీ, అతని స్థాయి ఆటగాళ్లకు అది చిల్లర.

ఏడాది తిరిగింది. 2019 జూన్ ఫైనల్స్‌లో అదే వారియర్స్ జట్టులోని కెవిన్ డ్యురాంట్‌కి అకిలీస్ స్నాయువే తెగింది. అతనూ ఆ వేసవిలోనే ఫ్రీ ఏజెంట్. మొదటి సీజనంతా బెంచీ మీదే కూర్చుంటాడని తెలిసి కూడా బ్రూక్లిన్ నెట్స్ నాలుగేళ్లకు సుమారు 16.4 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఏడాదికి లెక్కేసినా కజిన్స్‌కు దక్కినదానికి ఏడు రెట్లు పైనే.

గాయం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎక్కడిది? డ్యురాంట్ చేతిలో 2014 ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు), రెండు ఫైనల్స్ ఎంవీపీ అవార్డులున్నాయి. దాదాపు ఏడడుగుల ఎత్తు నుంచి ఎవరికీ అందకుండా షాట్ వేస్తాడు, ఆ విద్య కాలి వేగం మీద అంతగా ఆధారపడదు. కజిన్స్ భారీకాయుడు, ఒంటి బరువుతో నెట్టుకుంటూ ఆడతాడు. ఇవన్నీ నిజమే. అయితే ఎవరూ పెద్దగా పట్టించుకోని ఇంకో కారణముంది. 2018 వేసవిలో జీతాల పరిమితి లోపల ఖాళీ ఉన్న జట్లు కొన్నే. 2019లో చాలా ఉన్నాయి. కజిన్స్ పడిపోయిన ధరలో కొంత మడమది, కొంత ఆ ఏటి మార్కెట్‌ది.

ఈ ముక్క ఉద్యోగాల వేటలో ఉన్న మన పిల్లలకు ముందు చెప్పాలనిపిస్తుంది. బ్యాక్‌లాగులో, రెండేళ్ల గ్యాపో ఉన్నవాళ్లు సలహా కోసం నా ముందు కూర్చుని మొదట అనే మాట, "ఎంతిస్తే అంతకి చేరిపోతా సార్." నియామకాలు ఎండిపోయిన ఏడాది వచ్చిన తక్కువ ఆఫర్ చూసి తమ విలువే అంతనుకుంటారు. తక్కువకు చేరడం తప్పు కాదు. ఆ తక్కువకే మూడేళ్ల బాండ్ రాసివ్వడం తప్పు. కజిన్స్ కాంట్రాక్టు ఒక్క ఏడాదికే అన్నది గమనించండి. మార్కెట్ బాగాలేనప్పుడు చిన్న ఒప్పందమే మేలు. (తర్వాత కూడా అతనికి కాలం కలిసిరాలేదు. 2019లో తొడ కండరం, ఆ వెంటనే మోకాలు. అది వేరే సంగతి.)

బేరం ఎలా ఆడాలో చూడాలంటే మాత్రం జోయెల్ ఎంబీడ్ కాంట్రాక్టు చూడాలి. 2014 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే చోట, మూడో ఎంపిక. పాదం ఎముక బాధతో తొలి రెండు సీజన్లు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మూడో సీజన్లో 31 ఆడేసరికి మోకాలు మొరాయించింది. మూడేళ్లకు కలిపి 246 మ్యాచులుంటే ఆడినవి 31. అయినా 2017 అక్టోబర్‌లో, ఫ్రీ ఏజెంట్ కాకముందే, ఫిలడెల్ఫియా అతనితో ఐదేళ్లకు దాదాపు 14.8 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది.

మొత్తం పూర్తిగా ఇచ్చారు, రిస్కును మాత్రం విడిగా రాసుకున్నారు. అప్పట్లో బయటికొచ్చిన వివరాల ప్రకారం, పాదం, వెన్ను లాంటి పాత చోట్ల గాయం తిరగబెట్టి, ఆ సీజన్లో 25 లేదా అంతకు మించి మ్యాచులు పోయి, ఆడింది 1,650 నిమిషాలకు తగ్గితే జట్టు అతన్ని తక్కువ సొమ్ముతో వదులుకోవచ్చు. ఆ జాబితాలో లేని గాయమైతే భారం జట్టుదే. అంటే "నువ్వు రిస్కు" అన్న గాలిమాటను పట్టుకుని, ఏ ఎముక, ఎన్ని మ్యాచులు, ఎన్ని నిమిషాలు అని కాగితం మీదికి దించారు. భయానికి అంకె దొరికితే దాంతో బేరం ఆడొచ్చు. ఎంబీడ్ 2022-23 సీజన్లో లీగ్ ఎంవీపీ అయ్యాడు.

ఇక దాచిపెట్టే తెలివి గురించి. ఎన్‌బీఏలో వైద్య పరీక్ష పాసవ్వకపోతే కుదిరిన ఒప్పందం కూడా చెడిపోవచ్చు. మన దగ్గర ఆ పరీక్ష పేరు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. దొంగ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఎంత నున్నగా ప్రింటేయించినా, పీఎఫ్ యూఏఎన్ నంబర్ కొడితే ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో వచ్చేస్తుంది. గ్యాప్ ఉన్నవాడికి ఉద్యోగం దొరుకుతుంది, పట్టుబడ్డవాడికి కష్టం.

వచ్చినదాన్ని కాదనేముందు నెర్లెన్స్ నోయెల్ అనే ఇంకో ఎన్‌బీఏ ఆటగాణ్ని తలుచుకోండి. 2017లో డాలస్ ఇస్తానన్న నాలుగేళ్ల 7 కోట్ల డాలర్లు వద్దన్నాడని వార్తలొచ్చాయి. ఒక్క ఏడాదికి 41 లక్షల పైచిలుకు డాలర్లకే ఉండి, మరుసటి వేసవిలో పెద్ద కాంట్రాక్టు కొడదామనుకున్నాడు. బొటనవేలికి దెబ్బ తగిలి ఆ సీజన్ 30 మ్యాచులతో సరి. పెద్ద కాంట్రాక్టు రాలేదు. నేనతన్ని తప్పుపట్టను. ఓడినా ఏడాది తిండికి లోటు లేనివాడు ఆడదగిన పందెమే అది. ఎడ్యుకేషన్ లోన్ వాయిదా నెత్తి మీదున్నవాడు ఆడేది కాదు.

మొన్నామధ్య ఒకమ్మాయి వచ్చింది. అమ్మ వైద్యం కోసం రెండేళ్లు ఇంట్లోనే ఉండిపోయి, తర్వాత అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంది. ఆఫర్ ఏడాదికి 4.2 లక్షలు, అందులో 60 వేలు వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చేది. తను ఆశించింది 5.5. "గ్యాప్ ఉందని తగ్గించారు సార్, ఏమడగను?" అంది. వాళ్ల భయమేమిటో వాళ్లనే అడగమన్నాను. అడిగితే, రెండేళ్లు పని ముట్టని మనిషి ప్రాజెక్టు వేగం అందుకుంటుందా అన్నదే అనుమానమట. అప్పుడు మెయిల్ రాయించాను. 4.2కే చేరతాను, ఫలానా మాడ్యూల్ టెస్టులన్నీ ఆటోమేట్ చేసి చూపిస్తే ఆరు నెలల్లో 5 లక్షలు చేయండి, ఈ మాట ఆఫర్ లెటర్లో చేర్చండి అని.

హెచ్‌ఆర్ మేడమ్ ఫోన్ చేసింది. "నోటితో ఒప్పుకున్నాం కదమ్మా, రాయడమెందుకు?"

"మీరు వేరే కంపెనీకి వెళ్లిపోతే నేనెవర్ని అడగాలి మేడమ్?" అందట మన పిల్ల. అవతల నవ్వు వినపడిందట. మర్నాడు సాయంత్రానికి సవరించిన లెటర్ వచ్చింది. ఆరు కాదు, తొమ్మిది నెలలు. 5 కాదు, 4.8 లక్షలు. మూడో పేజీలో, సంతకానికి సరిగ్గా పైన.