పిల్లల మూర్ఛ: ఈఈజీ తరంగాల వర్గీకరణ

బడిలోనైనా, మరెక్కడైనా, పిల్లవాడు కొన్ని సెకన్లు ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ ఉండిపోతే పరధ్యానమని మందలించకండి. అది ఆబ్సెన్స్ మూర్ఛ కావచ్చు. ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల నమోదులో) దాని ఆనవాలు సెకనుకు సుమారు 3 స్పైక్-వేవ్‌లు; మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదిలేలా చేస్తే తరచుగా బయటపడుతుంది.

మనిషి మెదడు తరంగాలను 1924లో తొలిసారి నమోదు చేసింది జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్. ఈ తరంగాలను వేగాన్ని బట్టి వర్గీకరిస్తారు: డెల్టా 4 హెర్ట్జ్ లోపు, థీటా 4–8, ఆల్ఫా 8–13, బీటా 13–30. చిన్నపిల్లల్లో నెమ్మది తరంగాలు సహజం కనుక వయసు చూడకుండా వర్గీకరిస్తే పొరపాటే. శిశువుల వెస్ట్ సిండ్రోమ్‌లో కనిపించే అస్తవ్యస్త నమూనా హిప్సారిథ్మియా. ఇక ప్రథమ చికిత్స విషయానికొస్తే, ఫిట్స్ వచ్చిన బిడ్డ చేతిలో తాళాలు పెట్టడం వైద్యం కాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు.