పిల్లల్లో సెప్సిస్: రక్తంలో దొరికే ఆనవాళ్లు

ఇన్‌ఫెక్షన్‌పై పోరాడే క్రమంలో శరీర స్పందన అదుపు తప్పి, సొంత అవయవాలనే దెబ్బతీసే స్థితి సెప్సిస్. ఐసీయూలోని పిల్లల్లో దీన్ని పసిగట్టడం కష్టం. జ్వరం, గుండె వేగం ఇతర జబ్బుల్లోనూ పెరుగుతాయి. బ్లడ్ కల్చర్ ఫలితానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే వైద్యులు బయోమార్కర్లను, అంటే జబ్బును సూచించే రక్తంలోని ఆనవాళ్లను ఆశ్రయిస్తారు.

1930లో గుర్తించిన సీ-రియాక్టివ్ ప్రొటీన్ (సీఆర్‌పీ) కాలేయంలో తయారవుతుంది. గాయాలకు, శస్త్రచికిత్సలకూ పెరుగుతుంది కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మలేం. పరీక్షకు సిద్ధమయ్యే అభ్యర్థులు శ్రద్ధగా చదవాల్సిన మరో బయోమార్కర్ ప్రొకాల్సిటోనిన్. ఇది థైరాయిడ్ హార్మోన్ కాల్సిటోనిన్‌కు పూర్వరూపం. తీవ్ర బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో ఇతర కణజాలాలూ దీన్ని విడుదల చేస్తాయి. కొన్ని గంటల్లోనే స్థాయి పెరుగుతుంది. వైరల్ జ్వరాల్లో సాధారణంగా అంతగా పెరగదు. ఒక మెలిక ఉంది: పుట్టిన తొలి రెండు రోజుల్లో ఆరోగ్యంగా ఉన్న శిశువులోనూ ఇది ఎక్కువే.

పిల్లల్లో సెప్సిస్ నిర్ధారణకు 2024 జనవరిలో వెలువడిన ఫీనిక్స్ ప్రమాణాల ప్రకారం, ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉన్న చిన్నారికి స్కోరు 2 లేదా అంతకు మించితే సెప్సిస్‌గా పరిగణిస్తారు. శ్వాస, రక్తప్రసరణ, రక్తం గడ్డకట్టడం, నాడీ వ్యవస్థ ఇందులోని అంశాలు. లాక్టేట్, ప్లేట్‌లెట్లు, డీ-డైమర్‌లకు స్కోరులో చోటుంది. సీఆర్‌పీ, ప్రొకాల్సిటోనిన్‌లకు లేదు. ప్రశ్న ఇక్కడి నుంచే రావచ్చు.

ప్రపంచ సెప్సిస్ దినం: సెప్టెంబరు 13.