లీటరు వేరు, కిలో వేరు

పాల సంఘంలో రెండు పూటలా జరిగే పని మూడు కొలతల మీద నడుస్తుంది. సభ్యుడు తెచ్చిన పాలను చాలా చోట్ల లీటర్లలో కొలుస్తారు. క్యాన్లకెత్తి పంపిన పాలను శీతలీకరణ కేంద్రంలో కిలోల్లో తూస్తారు. వెన్న ఎంత ఉన్నదీ శాతంలో తేలుతుంది. ఈ మూడు అంకెలూ మూడు జాతులవి. వీటిని ఒకే గాటన కట్టి లెక్క వేసే చోట “పాలు పెరిగాయి”, “పాలు తరిగాయి” అనే తగవు రాక మానదు.

విజ్ఞానశాస్త్రంలో మూల ప్రమాణాలు ఏడు. పొడవుకు మీటరు, ద్రవ్యరాశికి కిలోగ్రాము, కాలానికి సెకను, విద్యుత్ ప్రవాహానికి ఆంపియరు, ఉష్ణోగ్రతకు కెల్విన్, పదార్థ పరిమాణానికి మోల్, కాంతి తీవ్రతకు కాండెలా. మిగిలిన కొలతలన్నీ వీటిని హెచ్చవేసో, భాగించో తయారుచేసుకున్నవే. వాటిని ఉత్పన్న ప్రమాణాలంటారు.

మన క్యాను దగ్గరికి వద్దాం. పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు గల పెట్టెలో పట్టేది ఒక లీటరు. అంటే లీటరు పొడవు నుంచి పుట్టిన కొలత. అది పాలు ఆక్రమించే చోటును చెబుతుందే గాని ఆ చోటులో ఎంత సరుకు ఉన్నదో చెప్పదు. ఎంత సరుకు ఉన్నదో చెప్పేది కిలోగ్రాము.

“లీటరంటే కిలోయే గదా” అనే మాట ఊరికే పుట్టలేదు. 1901లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ ఒక కిలో స్వచ్ఛమైన నీరు ఆక్రమించే చోటునే లీటరుగా నిర్ణయించింది. ఆ నిర్వచనాన్ని 1964లో రద్దుచేసి, లీటరును పైన చెప్పిన పెట్టెకే ముడిపెట్టారు. ఏ నిర్వచనం చూసినా లీటరు, కిలో దాదాపు సమానమయ్యేది నీటి విషయంలోనే. పాలకు కాదు. పాలు నీళ్లకంటే బరువు.

మన ప్రాంతంలో ఈ గందరగోళానికి ఇంకో కారణమూ ఉంది. చిత్తూరు జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. పడి, శేరు వంటి కొలతలు పల్లెల్లో పాతుకుపోయాయి. పడి ఊరికొక రకం. శేరు ఒకచోట తూకం, మరొకచోట కొలత. 1956 నాటి చట్టంతో మెట్రిక్ పద్ధతి 1958 నుంచి అంచెలంచెలుగా అమలులోకి వచ్చింది. పాత్ర మారింది గాని, కొలతనూ తూకాన్నీ ఒకటిగా చూసే అలవాటు కొంత మిగిలింది.

ద్రవ్యరాశిని పరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఇది ఉత్పన్న ప్రమాణం. లాక్టోమీటరు చూపేది దీనినే. సవరించిన రీడింగు 28 అంటే ఆ పాలు లీటరుకు సుమారు 1.028 కిలోల బరువు తూగుతాయన్నమాట. 200 లీటర్లయితే 205.6 కిలోలు. సంఘం పుస్తకంలో 200, శీతలీకరణ కేంద్రం రసీదులో 205.6. పాలు పెరగలేదు, ప్రమాణం మారింది.

ఇప్పుడు డబ్బు సంగతి. వెన్న శాతమంటే వంద గ్రాముల పాలలో ఎన్ని గ్రాముల వెన్న అని. గెర్బర్ పరీక్షలో పిపెట్టుతో 10.75 మిల్లీలీటర్ల పాలు తీసుకున్నా, బ్యూటిరోమీటరు గీతలు బరువు లెక్కన శాతం చెప్పేటట్లే ఉంటాయి. కాబట్టి శాతాన్ని కిలోలతోనే హెచ్చవేయాలి. పై పాలలో వెన్న 4 శాతమైతే 205.6 కిలోలకు 8.224 కిలోల వెన్న. లీటర్లతో హెచ్చవేస్తే 8 కిలోలే వస్తుంది. కిలో వెన్నకు 800 రూపాయలనుకుంటే పూటకు 179 రూపాయల 20 పైసల తేడా. రెండు పూటలా ముప్ఫై రోజులకు 10,752 రూపాయలు. ఎవరూ దొంగతనం చేయలేదు, అయినా సొమ్ము సభ్యులకు చేరలేదు. లీటర్లలో కొని కిలోల్లో అమ్మిన సంఘానికి ఇది లాభంలా కనబడుతుంది గాని, నిజానికి సభ్యుల పాల బరువే.

నురగ సంగతి కూడా చెప్పుకోవాలి. శ్రీకాళహస్తి వాయులింగ క్షేత్రం గనుక గాలిని చిన్నచూపు చూడమని మన వాళ్లకు చెప్పనక్కరలేదు. ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. అంటే లీటరు గాలి గ్రాము పైచిలుకు, లీటరు పాలు వెయ్యిన్నీ ముప్ఫై గ్రాములు. నురగతో కొలిస్తే ఆ గాలిని పాల కింద లెక్కకడతాం. నురగ అణగనిచ్చి కొలవాలి, లేదా తూచాలి. తూకమే మేలు. కాటా నురగకు మోసపోదు.

అయితే సాంద్రత ఒక్కదానినే నమ్మడానికి వీల్లేదు. అందులో రెండు కొలతలు కలిసిపోయి ఉంటాయి. నీళ్లు కలిపితే రీడింగు తగ్గుతుంది, మీగడ తీస్తే పెరుగుతుంది. రెండూ చేసిన పాలకు మామూలు రీడింగే రావచ్చు. అందుకే వెన్న పరీక్ష తప్పనిసరి. పాలు వేడెక్కితే వ్యాకోచించి సాంద్రత తగ్గుతుంది గనుక లాక్టోమీటరును ఏ ఉష్ణోగ్రతకు తయారుచేశారో దానిమీదే చూసి, పాల ఉష్ణోగ్రతను బట్టి రీడింగును సవరించుకోవాలి. మన ఎండాకాలంలో ఈ సవరణ మరచిపోతే మంచి పాలు కూడా నీళ్లపాలుగా తేలి, నిర్దోషి అయిన సభ్యుడు నలుగురిలో తలవంచుకోవలసి వస్తుంది.

కార్యదర్శులు రిజిస్టరులో ప్రతి గడి పైనా ‘లీటర్లు’ అనో ‘కిలోలు’ అనో రాయించాలి. లీటర్లలో కొనే సంఘాలు ఏ పూటకా పూట సవరించిన రీడింగును పక్క గడిలో వేసి, దానితో కిలోలు కట్టాలి. సభ్యులు తమ పాసుపుస్తకంలోని అంకె లీటర్లో, కిలోలో అడిగి రాయించుకోవచ్చు.